ముసురులో బట్టలు ఆరేదెలా?

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక జూలైలో ఇంటికెళ్లాను. మాది అరకులోయకి దగ్గర్లో ఒక చిన్న ఊరు. గుమ్మంలోకి అడుగుపెట్టగానే నాకు ఎదురొచ్చినవి మనుషులు కాదు, తడి బట్టలు. వరండాలో దండెం మీద, కిటికీ చువ్వల మీద, కుర్చీల మీద, చివరికి మూలన పడున్న నా పాత సైకిల్ హ్యాండిల్ మీద కూడా గుడ్డలే. నాలుగు రోజులుగా ముసురు వదల్లేదట. ఇల్లంతా ముక్కిపోయిన వాసన.

అక్క పురిటికి వచ్చి ఉంది. బుడ్డోడికి అప్పటికి ఇరవై రోజులు. రోజుకి పదిహేను, ఇరవై పొత్తిగుడ్డలు తడిపేస్తున్నాడు. ఉతకడానికి నీళ్లకి కొదవ లేదు, ఆరబెట్టడానికే ఎండ లేదు. సగం ఆరిన గుడ్డ వేస్తే వాడికి తొడల దగ్గర ఎర్రగా పొక్కుతోంది. పొయ్యి పైన అటక కింద ఆరేస్తే గుడ్డ ఆరుతుంది గానీ పొగ వాసన పట్టి, వాడు తుమ్ముతున్నాడు.

"ఇంజినీరింగ్ సదువుతున్నావు కదా, దీనికో మిషన్ ఏదో ఉండదేట్రా?" అంది అమ్మ.

అంతే, నాలో ఇంజినీరు నిద్రలేచాడు. ఫోన్ తీసి వెతికి, నిలువెత్తు గుడ్డ సంచిలా ఉండే మడత డ్రయ్యర్ ఒకటి ఆర్డర్ పెట్టాను. కింద చిన్న హీటరూ ఫ్యానూ ఉంటాయి, పైన కడ్డీలకి బట్టలు వేలాడదీసి జిప్పు పెట్టేయడమే. 900 వాట్లు. అది వచ్చిన రోజు ఇంట్లో చిన్న పండగ. పడకగదిలో బిగించి, వేడి బయటికి పోకుండా తలుపూ కిటికీ మూసేసి, స్విచ్ వేశాను.

మూడు గంటల తర్వాత జిప్పు తీస్తే ముఖానికి ఆవిరి కొట్టింది. గుడ్డలు వేడిగా ఉన్నాయి, కాసేపటికి చల్లారాక పట్టుకుంటే ఇంకా చెమ్మగానే ఉన్నాయి. అద్దం మీద నీళ్లు, కిటికీ గాజు మీద నీళ్లు, గోడ మీద చేత్తో రాస్తే తడి. వారం తిరిగేసరికి బీరువా వెనక నల్లటి బూజు చుక్కలు.

"బట్టల్లో నీళ్లు తీసి గోడకి పట్టించినావు," అంది అమ్మ.

నవ్వుకున్నాం గానీ, అసలు విషయం ఆ మాటలోనే ఉందని నాకు తర్వాత అర్థమైంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కరెంటు పోయింది. మిషన్ మీద నమ్మకం పోయిన నాన్నమ్మ తనకి తెలిసిన పద్ధతే చేసింది. కుంపట్లో బొగ్గులు రాజేసి అక్క గదిలో పెట్టి, దాని మీద వెదురు గంప బోర్లించి, గంప మీద పొత్తిగుడ్డలు పరిచింది. చలిగాలి రాకుండా తలుపు వేసింది. అరగంటకి అక్క, "తల దిమ్ముగా ఉందమ్మా, వాంతి వచ్చేలా ఉంది" అంది. అమ్మకి ఏం తోచిందో గానీ వెంటనే తలుపు బార్లా తీసి, బుడ్డోణ్ని చంకనేసుకుని వరండాలోకి వచ్చేసింది. వెనకే అక్క. బయట గాలికి కాసేపటికి తేరుకుంది. పిల్లాడికి ఏమీ కాలేదు.

ఏమీ కాలేదు గనకే ఈ వ్యాసం రాయగలుగుతున్నాను. కాలుతున్న బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు లేవకపోవడానికి కారణం ఇదే. నాన్నమ్మ తప్పు లేదు. పాత ఇళ్లలో పెంకుల సందుల్లోంచి గాలి పోయేది, ఇప్పుడు స్లాబు వేసి గాజు కిటికీలు పెట్టుకున్నాం. పద్ధతి పాతదే, ఇల్లు మారింది.

ఆ రాత్రి నేను నోట్‌బుక్ తీసి కూర్చున్నాను. థర్మోడైనమిక్స్ పేపర్ పాసయ్యాను కదా, ఒక పొత్తిగుడ్డ ఆరబెట్టలేనా అని పంతం.

నీళ్లు ఎక్కడికి పోవాలి?

డ్రయ్యర్ నీళ్లని మాయం చెయ్యదు. బట్టలోంచి తీసి గాలికి అప్పగిస్తుంది. ఆ గాలి ఎంత మోయగలదు, మోసుకుని ఎటు పోతుంది అన్నదే మొత్తం కథ.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని మోస్తుంది. ఒక ఘనపు మీటరు గాలి 10 డిగ్రీల దగ్గర సుమారు 9 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. 22 డిగ్రీల దగ్గర 19 గ్రాములు, 45 డిగ్రీల దగ్గర 65 గ్రాములు. తేమ 95 శాతం అంటే ఆ మోత దాదాపు నిండిపోయిందని అర్థం.

ఇప్పుడు మా పడకగది చూడండి. పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు. అంటే సుమారు 28 ఘనపు మీటర్ల గాలి. వానాకాలంలో 22 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకుందాం. ఈ గది గాలి మొత్తం కలిపి ఇంకా మోయగలిగింది 80 గ్రాములే. ఒక చిన్న టీ గ్లాసుడు నీళ్లు! నేను లోపల వేలాడదీసిన గుడ్డల్లో ఉన్నవి లీటర్లలో. హీటర్ వల్ల గది కొంచెం వేడెక్కి ఇంకాస్త మోస్తుంది గానీ, ఆ ఆవిరి చల్లటి గోడని తాకగానే మళ్లీ నీళ్లయిపోతుంది. నేను చేసింది బట్టలు ఆరబెట్టడం కాదు, గది లోపల ఒక చిన్న వాన కురిపించడం.

మరి కిటికీ తీస్తే బయట వాన గాలి లోపలికి రాదా? వస్తుంది. రానివ్వండి. 22 డిగ్రీల దగ్గర 95 శాతం తేమ ఉన్న వాన గాలిలో ఘనపు మీటరుకి 18 గ్రాముల ఆవిరి ఉంటుంది. అదే గాలిని హీటర్ 45 డిగ్రీలకి వేడి చేస్తే దాని మోత 65 గ్రాములకి పెరుగుతుంది. 95 శాతం నుంచి తేమ 30 శాతం లోపుకి పడిపోతుంది. అంటే వాన గాలి కూడా వేడెక్కితే మంచి పొడిగాలే. కాకపోతే నీళ్లు నింపుకున్నాక అది బయటికి పోవాలి. పోకుండా గదిలోనే తిరుగుతూ ఉంటే మళ్లీ మొదటికి వస్తాం.

అందుకే మొదటి సూత్రం: వేడిగాలి డ్రయ్యర్ నడుస్తున్నప్పుడు కిటికీ తెరిచే ఉండాలి, వాన పడుతున్నా సరే. మిషన్‌ని గది మధ్యలో కాకుండా కిటికీ పక్కనే, ఆవిరి వదిలే వైపు కిటికీకేసి పెట్టాలి. ఆవిరి నేరుగా బయటికి పోతే తక్కువ గాలితో పని అవుతుంది. గదిలో కలిసి చల్లారాక పోతే అదే పనికి చాలా రెట్లు గాలి మారాలి.

నాన్న చెప్పిన కాఫీ పాఠం

నా లెక్కలన్నీ పొద్దున్నే నాన్నకి గొప్పగా చెప్పాను. ఆయన టీ తాగుతూ విని, "ఇది కాఫీ ఆరబెట్టేవాడు ఎవడైనా చెప్తాడురా" అన్నారు.

నిజమే. మా వైపు కాఫీ కోతలు నవంబరులో మొదలై జనవరి, ఫిబ్రవరి దాకా సాగుతాయి. పండు తోలు తీసి, కడిగిన గింజని పలచగా పరిచి ఆరబెడతారు. గింజలో తేమ 10, 11 శాతానికి వచ్చేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి మూట కడితే బూజు పడుతుంది, రుచి పోతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు అరబికా పేరంతా ఈ ఆరబెట్టే దగ్గర కూడా నిలబడి ఉంది.

నాన్న పద్ధతిలో నాలుగు ముక్కలున్నాయి. నేల మీద కన్నా వల పరిచిన ఎత్తు బల్లల మీద వేస్తే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. మందంగా కాకుండా పలచగా పరవాలి. గంట గంటకీ తిరగెయ్యాలి. పొద్దువాలక ముందే కప్పెయ్యాలి, లేకపోతే రాత్రి మంచుకి పొద్దుట్నించీ పోయిన తేమంతా తిరిగొచ్చేస్తుంది.

"గింజని ఆరబెట్టేది ఎండ ఒకటే కాదు, గాలి కూడా," అన్నారు. ఈ నాలుగూ బట్టలకి అచ్చంగా సరిపోతాయి. నేను సంచిలో గుడ్డ మీద గుడ్డ కుక్కి, గాలి ఆడే సందు కూడా లేకుండా చేశాను. కాఫీని అలా కుక్కితే నాన్న నన్ను ఇంట్లోకి రానిచ్చేవారు కాదు.

ముందు తిప్పాలి, తర్వాతే వేడి

రెండో సూత్రం ఇంకా ముఖ్యమైనది. నీటిని ఆవిరి చేయడం చాలా ఖరీదైన పని. గది వేడి దగ్గర ఒక లీటరు నీళ్లు ఆవిరవడానికి సుమారు 2,430 కిలోజౌళ్లు కావాలి. కరెంటు భాషలో అది 0.68 యూనిట్. ఏ మిషనైనా సరే, వేడితోనే ఆరబెడితే ఇంతకంటే తక్కువలో కాదు. వేడిని తిరిగి వాడుకునే ఖరీదైన హీట్ పంప్ మిషన్లు మాత్రమే దీనికి మినహాయింపు.

అదే నీళ్లని ఆవిరి చెయ్యకుండా నీళ్లుగానే విసిరికొడితే? అదే స్పిన్ డ్రయ్యర్ చేసే పని. 12 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న డ్రమ్ము నిమిషానికి 1,300 సార్లు తిరిగితే, అంచున ఉన్న బట్ట మీద పడే బలం గురుత్వాకర్షణకి సుమారు 225 రెట్లు. లెక్క వేసి చూసుకోండి, ఫస్ట్ ఇయర్ ఫిజిక్సే. వేగం సగమైతే బలం పావు వంతు అవుతుంది, కాబట్టి కొనేటప్పుడు ఆర్‌పీఎం చూడటం మర్చిపోవద్దు.

మా ఇంట్లో ఒక తువ్వాలు తూచాను. పొడిగా 400 గ్రాములు. అమ్మ గట్టిగా పిండాక 850. స్పిన్‌లో ఐదు నిమిషాలు తిప్పాక 640. అంటే ఉన్న నీళ్లలో దాదాపు సగం వేడి అనేదే లేకుండా వెళ్లిపోయింది.

3 కిలోల నూలు బట్టలు అనుకుని లెక్క వేద్దాం. చేత్తో పిండితే సుమారు 3 లీటర్ల నీళ్లు మిగులుతాయి, మంచి స్పిన్ తర్వాత 1.8 లీటర్లు. తేడా 1.2 లీటర్లు. దీన్ని వేడితో తియ్యాలంటే తక్కువలో తక్కువ 0.8 యూనిట్ కావాలి. 180 వాట్ల స్పిన్ మోటారు ఐదు నిమిషాలు తిరిగితే అయ్యేది 0.015 యూనిట్. యాభై రెట్ల తేడా! పైగా ఆ 1.2 లీటర్లు గది గాలిలోకి రావు, గొట్టంలోంచి కాలవలోకి పోతాయి. గోడకి పట్టేది కూడా అంత తగ్గుతుంది.

ఏది ఎవరికి?

చిన్న కుటుంబం, చిన్న ఇల్లు, అప్పుడప్పుడూ పోయే కరెంటు. ఈ మూడూ దృష్టిలో పెట్టుకుని చూద్దాం.

స్పిన్ డ్రయ్యర్: విడిగా ఒక్క డ్రమ్ముతో చిన్నవి దొరుకుతాయి. సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ ఉంటే దాని రెండో తొట్టి ఇదే, విడిగా కొనక్కర్లేదు. బట్ట పూర్తిగా ఆరదు, చెమ్మ మిగులుతుంది. అయినా ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి. కరెంటు తక్కువ, మంట భయం లేదు, బట్టకి వేడి తగలదు.

వేడిగాలి సంచి: నేను కొన్నది. మడిచి మంచం కింద పెట్టుకోవచ్చు, తక్కువ ధర. దీంట్లో చూడాల్సింది వాట్లు, కిలోలు కాదు. ప్రకటనలో 10 కిలోలో, 15 కిలోలో అని రాసి ఉంటే అది స్టాండు మోసే బరువు కావచ్చు, ఆరబెట్టే సామర్థ్యం కాదు. 900 వాట్ల హీటర్ వేడంతా నీళ్లకే పోయినా గంటకి 1.3 లీటర్లు మించి ఆవిరి చెయ్యలేదు. సంచి గోడల్లోంచి పోయేది పోగా అందులో సగం వస్తే గొప్పే. 10 కిలోల తడి బట్టలు దీనితో రెండు గంటల్లో ఆరతాయని ఎవరన్నా అంటే, ఈ లెక్క చెప్పండి.

డీహ్యూమిడిఫయర్: ఇది గాలిలోని తేమని చల్లటి తీగచుట్ట మీద నీళ్లుగా మార్చి కింద డబ్బాలో పడేస్తుంది. బట్టలు మామూలుగా దండెం మీదే ఉంటాయి. దీనికి పద్ధతి పూర్తిగా రివర్స్, తలుపులు కిటికీలు మూసి నడపాలి, లేకపోతే అరకులోయ మొత్తాన్ని ఆరబెట్టాలని చూస్తుంది పాపం. వెచ్చటి వానాకాలంలో ఒక యూనిట్‌కి లీటరు నుంచి రెండు లీటర్ల దాకా తీస్తుంది, గోడల బూజుకి కూడా మందే. ధర ఎక్కువ. 15 డిగ్రీల కంటే చల్లబడితే కంప్రెసర్ రకం నీరసిస్తుంది, తీగచుట్ట మీద మంచు కడుతుంది. డిసెంబరు రాత్రుల్లో మా దగ్గర అదే పరిస్థితి. ఇక అరచేతంత పెల్టియర్ డబ్బాలు డీహ్యూమిడిఫయర్ పేరుతోనే అమ్ముతారు. అవి రోజంతా నడిచినా తీసేది కొన్ని వందల మిల్లీలీటర్లే. బట్టలకి పనికిరావు.

టంబుల్ డ్రయ్యర్: బట్టల్ని దొర్లిస్తూ వేడిగాలి కొట్టే పెద్ద మిషన్. 2,000 వాట్లు దాటేవి చాలా ఉన్నాయి, 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, ఆవిరి గొట్టం బయటికి పెట్టాలి. చిన్న ఇంటికి ఎక్కువ.

మామూలు ఫ్యాన్: దీన్ని ఎవరూ డ్రయ్యర్ అనరు గానీ, 50, 60 వాట్లతో నడిచే ఈ పాత నేస్తం బట్టని అంటిపెట్టుకున్న తడి గాలి పొరని చెదరగొడుతుంది. స్పిన్ చేసిన బట్ట, జానెడు ఎడం, తెరిచిన కిటికీ, ఎదురుగా ఫ్యాన్ ఉంటే మామూలు వానరోజుల్లో రాత్రి వేసిన పలచటి బట్ట పొద్దుటికి ఆరుతుంది. జీన్స్, దుప్పట్లు మాత్రం మొరాయిస్తాయి.

చివరికి మా ఇంటికి నేను వైజాగ్ నుంచి ఒక స్పిన్ డ్రయ్యర్ తెచ్చాను. వేడిగాలి సంచి ఎలాగూ ఉంది. రెండూ కలిస్తేనే పని జరిగింది. ఇంకో మాట, కొండల మీద ఉండేవాళ్లు సర్వీసింగ్ సంగతి ముందే అడగండి. వైజాగ్ మాకు 110 కిలోమీటర్లకు పైనే. ఘాట్ రోడ్డెక్కి మెకానిక్ వస్తాడో, మనమే మిషన్‌ని బస్సులో వేసుకుని దిగాలో కొనే ముందే తేల్చుకోవాలి.

కరెంటు సంగతి

900 వాట్లంటే 230 వోల్టుల దగ్గర సుమారు 4 ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. కానీ అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇస్త్రీపెట్టె, కెటిల్ కూడా పెడితే బాక్సు కరుగుతుంది. హీటర్ని గోడ ప్లగ్గుకే నేరుగా పెట్టండి. ఎర్త్ ఉందో లేదో చూడండి, తడి చేతుల పని ఇది.

సాయంత్రం వేళ వోల్టేజి పడిపోయే ఊళ్లలో ఇంకో చిక్కు. మామూలు తీగ హీటర్ 230 బదులు 180 వోల్టుల దగ్గర ఇచ్చే వేడి 61 శాతమే, ఎందుకంటే పవర్ వోల్టేజి వర్గంతో పాటు తగ్గుతుంది. "మిషన్ పాడైంది" అనుకునే ముందు వోల్టేజి చూడండి. మధ్యాహ్నం నడిపి చూడండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని దాని మీద హీటర్ పెట్టకండి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద 1.8 యూనిట్లు. మామూలు ఇంటి ఇన్వర్టర్ 900 వాట్లు మొయ్యడమే కష్టం, మోసినా రెండు గంటలు కూడా రాదు. ఫ్యాన్ అయితే హాయిగా నడుస్తుంది.

బిల్లు ఎంత? గంటకి 650 మిల్లీలీటర్లు ఆవిరవుతాయనుకుంటే, చేత్తో పిండిన 3 కిలోల బట్టలకి నాలుగున్నర గంటలు పైనే, 4 యూనిట్లు దాటుతుంది. స్పిన్ చేశాక అయితే 2.5 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే 25 రూపాయలకి బదులు 15. రోజూ ఇదే నడిపితే నెలకి 75 యూనిట్లు అదనం, స్లాబు మారిపోతుంది. కాబట్టి అన్ని బట్టలూ దీంట్లో వెయ్యొద్దు. పొత్తిగుడ్డలు, లోదుస్తులు, రేపు పొద్దున్న వేసుకోవాల్సిన యూనిఫాం వంటివే వెయ్యండి. బుడ్డోడి గుడ్డలు కిలో ఉంటాయి, స్పిన్ తర్వాత 600 మిల్లీలీటర్ల నీళ్లు, గంట లోపు పని.

వాడేటప్పుడు

స్పిన్‌లో బట్టల్ని చుట్టూ సమంగా సర్దండి. ఒకవైపు దుప్పటి, ఇంకోవైపు ఖాళీ ఉంటే మిషన్ గదంతా తిరుగుతుంది. హుక్కులున్నవి, చిన్న గుడ్డలు వల సంచిలో వెయ్యండి. డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా మూత తియ్యొద్దు, చెయ్యి పెట్టొద్దు. ఇంట్లో పిల్లలుంటే ఇది రెండుసార్లు చదవండి.

వేడిగాలి సంచిలో నీళ్లు కారుతున్న బట్ట ఎప్పుడూ వెయ్యొద్దు, కింద ఉన్నది హీటర్. మందపు బట్టలు కింద వరసలో, పలచటివి పైన. రెండు గుడ్డల మధ్య కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి. సగంలో ఆపి తిరగెయ్యండి, జేబులు బయటికి లాగండి. గాలి లోపలికి పీల్చే జాలీకి నూగు పట్టకుండా తుడవండి. డీజిల్, కిరోసిన్, మిషన్ ఆయిల్ మరకలున్న బట్టలు వేడి డ్రయ్యర్లో అసలు పెట్టొద్దు. పల్పర్ దగ్గర పనిచేసి వచ్చిన నాన్న చొక్కా మా ఇంట్లో ఎప్పుడూ దండెం మీదే. మిషన్ నడుస్తుండగా బయటికెళ్లొద్దు, నిద్రపోవద్దు, టైమర్ ఉన్నా సరే.

ఆరిందో లేదో వేడిగా ఉన్నప్పుడు చూస్తే మోసపోతాం. వేడి గుడ్డ ఎప్పుడూ పొడిగానే అనిపిస్తుంది. బయటికి తీసి, ఐదు నిమిషాలు చల్లారనిచ్చి, కుట్టు దగ్గర, నడుం పట్టీ దగ్గర, జేబు లోపల ముట్టుకుని చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. కొంచెం చెమ్మే మిగిలితే ఇస్త్రీ చేస్తే సరిపోతుంది.

చలికాలం లెక్క వేరు. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. లంబసింగి వైపైతే కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పోతుంది. పొద్దున్న మంచులో బట్టలు ఆరెయ్యడం దండగ. కానీ 10 డిగ్రీల చల్లటి గాలి నిండుగా మోసినా 9 గ్రాములే, అదే గాలి మధ్యాహ్నానికి 25 డిగ్రీలకి వేడెక్కితే తేమ 40 శాతం దగ్గరికి దిగుతుంది. కాబట్టి పదకొండు నుంచి మూడున్నర దాకా ఎండలో వేసి, పొద్దువాలక ముందే లోపలికి తెచ్చేయండి. మిషన్ అక్కర్లేదు. నాన్న కాఫీ కప్పే టైమే మన దండెం ఖాళీ చేసే టైము.

కుంపటి మాత్రం ఏ కాలంలోనూ మూసిన గదిలోకి తేవద్దు. బట్టలకైనా, చలికైనా, సాంబ్రాణికైనా.

హాస్టల్ మిత్రులకి ఒక మాట. మన గదుల్లో హీటర్లు పెట్టనివ్వరు, పెట్టకపోవడమే మంచిది. నలుగురు కలిసి ఒక స్పిన్ డ్రయ్యర్ కొనుక్కోడానికి వార్డెన్‌ని అడగండి. బకెట్లో ముద్దగా పెట్టిన బట్టలు తీసి ఎడంగా ఆరేసి, కిటికీ తెరిచి ఫ్యాన్ వెయ్యండి. మీ గదిలో ఆ వాసన మీ రూమ్మేట్‌ది కాకపోవచ్చు, పాపం.

దసరాకి మళ్లీ ఇంటికెళ్లాను. బయట సన్నగా వాన. బుడ్డోడు బోర్లాపడటం నేర్చుకున్నాడు, పొడి గుడ్డ మీద పడుకుని చేతులూ కాళ్లూ ఆడిస్తున్నాడు. తొడల మీద ఎరుపు లేదు. అమ్మ గుడ్డలు స్పిన్‌లో తిప్పి, సంచిని కిటికీ పక్కకి జరిపి, కిటికీ రెక్కలు బార్లా తీసి స్విచ్ వేసింది. మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న నాన్నమ్మ మాత్రం విసుక్కుంది.

"వాన కురుస్తుంటే కిటికీ తీసి బట్టలారెట్టడం ఏటి, మీ సదువులు తగలెయ్య!"

ఆ మాట అంటూనే, చల్లారిన గుడ్డ ఒకటి అందుకుని చెంపకి ఆనించి చూసి, మడతపెట్టి పక్కన పెట్టింది.